తొలి నవల అచ్చయ్యాక: ఆవిష్కరణ సభ నుంచి బుక్ ఫెయిర్ దాకా

ముందు ఒక లెక్క వేసుకోండి. నవల డెమ్మీ సైజులో (మామూలుగా నవలలు వచ్చే కొలత) 240 పేజీలు, వేసింది 500 కాపీలు, కాపీకి ముద్రణ ఖర్చు 80 రూపాయలు, వెల 200 అనుకుందాం. పుస్తకాల షాపు 40 శాతం కమీషన్ తీసుకుంటే మీ చేతికి 120 వస్తుంది, మిగిలేది 40. అదే మీరు 10 శాతం తగ్గించి 180కి స్వయంగా అమ్మితే 100 మిగులుతుంది. ఇప్పుడు ఆవిష్కరణ సభకు హాలు, ఫ్లెక్సీ, శాలువాలు, మెమెంటోలు, టిఫిన్లు, అతిథుల రానుపోను అన్నీ కలిపి 25 వేలు అయిందనుకోండి. ఆ డబ్బు షాపుల అమ్మకం మీదే రాబట్టాలంటే 625 కాపీలు పోవాలి. మీరు వేసినవే 500.

ఆవిష్కరణ రోజు యాభై అరవై కాపీలు అమ్ముడయ్యాయని మురిసిపోవద్దు. అవి చాలావరకు చదివింపులే. పెళ్లికి వచ్చినవాళ్లు కవరు చేతిలో పెట్టి వెళ్లినట్టు చుట్టాలు, ఆఫీసువాళ్లు, తోటి రచయితలు మొహమాటానికి కొంటారు. అందులో తప్పేం లేదు గానీ వాళ్లందరినీ పాఠకుల లెక్కలో వేసుకుంటే మనమే బోల్తా పడతాం. మీ పేరు ఎప్పుడూ వినని మనిషి నవల కొనాలంటే మీ గొంతులో నాలుగు పేజీలైనా వినాలి, లేదంటే బుక్ ఫెయిర్‌లో పుస్తకం తిరగేస్తుండగా మీరు పక్కన ఉండాలి. ఆవిష్కరణకు అనుకున్న డబ్బులో ముప్పావు వంతు ఈ రెంటికీ మళ్లించడం మంచిది.

తేదీలు వెనక నుంచి లెక్కపెట్టండి

హైదరాబాద్ బుక్ ఫెయిర్ సాధారణంగా డిసెంబరు రెండో సగంలో, ఇందిరా పార్కు దగ్గరి ఎన్టీఆర్ స్టేడియంలో జరుగుతుంది. విజయవాడ పుస్తక మహోత్సవం జనవరి తొలి రోజుల్లో మొదలై సంక్రాంతికి ముందే ముగుస్తుంది. ఒక్కోసారి తేదీలు ముందువెనకలవుతాయి కాబట్టి అక్టోబరులోనే కనుక్కోండి. ఈ రెండూ తప్పిపోతే మళ్లీ ఏడాది ఆగాలి. అప్పటికి మీ నవల షాపువాళ్ల దృష్టిలో 'పోయినేటిది'.

అందుకని ప్రెస్సుకు ఫైలు అక్టోబరు ఆఖరులోగా వెళ్లాలి. నవంబరు, డిసెంబరుల్లో ప్రెస్సులన్నీ డైరీలు, క్యాలెండర్లతో నిండిపోతాయి. వాటికి తోడు ప్రతి ప్రచురణకర్తా ఫెయిర్‌కే కొత్త పుస్తకం కావాలంటాడు. పేజీలు రెండ్రోజుల్లో అచ్చయిపోతాయి, ఆలస్యమయ్యేది బైండింగులో. తొందరపెడితే గమ్ము సరిగా ఆరకముందే కట్టలు కట్టేస్తారు. అలాంటి పుస్తకం నిండా తెరిస్తే చాలు, మధ్యలో పేజీలు ఊడి చేతికొస్తాయి. ఇది ఫెయిర్‌లో కొనేవాడి చేతిలోనే జరుగుతుంది.

కాపీలు ఇంటికి రాగానే ప్రతి కట్టలోంచీ ఒకటి తీసి పేజీ పేజీ చూడండి. 240 పేజీలంటే పదహారేసి పేజీల ఫారాలు పదిహేను. ఒక ఫారం రెండుసార్లు పడటం, ఒకటి తప్పిపోవడం, తలకిందులుగా కుట్టడం మామూలే. ఒక్క కాపీలో కనిపించినా ఆ కట్ట మొత్తం విప్పాలి. వారంలోపు చెబితే ప్రెస్సువాళ్లు మారుస్తారు, ఫెయిర్ అయ్యాక చెబితే వినేవాడుండడు.

సమీక్షలకు కాపీలు కూడా అప్పుడే పంపేయండి. దినపత్రికల సాహిత్య పేజీలు చాలావరకు రెండేసి కాపీలు అడుగుతాయి. పత్రికలు, వెబ్ పత్రికలు, నవల చదివి నాలుగు ముక్కలు రాసే అలవాటున్న పాఠకులు, అందరికీ కలిపి 40 కాపీలు పక్కన పెట్టండి, అంతకు మించొద్దు. కనిపించిన ప్రతి పెద్దమనిషికీ సంతకం చేసి ఊరికే ఇచ్చిన పుస్తకాలు ఎక్కడ తేలతాయో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతికేవాళ్లను అడిగితే చెబుతారు, సంతకంతో సహా.

చదివి వినిపించే సభ

ముప్పైమంది వస్తారనుకుంటే ముప్పై ఐదు కుర్చీల గది చూసుకోండి. మూడొందల సీట్ల హాల్లో నలభైమంది కూర్చుంటే అది శూన్యంలాగే ఉంటుంది, చదివేవాడి గొంతూ నీరసపడుతుంది. హైదరాబాద్‌లో బంజారాహిల్స్ లామకాన్, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని చిన్న హాళ్లు ఇలాంటివాటికి అలవాటైన చోట్లు. విశాఖలో పౌర గ్రంథాలయం ఉంది. గ్రంథాలయాలను మనవాళ్లు ఎందుకో మరిచిపోతుంటారు. సుల్తాన్‌బజార్‌లో 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయ భాషానిలయం, వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం, రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం పుస్తకం కోసమే పుట్టిన చోట్లు. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారం జిల్లా గ్రంథాలయాలకు ఎవరో ఒక రచయిత కావాలి. సెప్టెంబరులోనే ఫోన్ చేసి 'నేను వస్తాను, అరగంట చదువుతాను' అంటే కాదనేవాళ్లు తక్కువ. ఆగస్టు 29, సెప్టెంబరు 9 భాషా దినోత్సవాలకు కాలేజీల తెలుగు శాఖలకు కూడా ఇదే అవసరం. విద్యార్థులు పుస్తకాలు పెద్దగా కొనరు. అయినా వెళ్లండి. లైబ్రరీకి రెండు కాపీలిచ్చి, మీరు ఒక పేజీ చదివి తర్వాతి పేజీ వాళ్లలో ఒకరి చేత చదివించండి. మీ వాక్యం ఎక్కడ నాలిక్కి అడ్డం పడుతుందో అక్కడ తెలిసిపోతుంది.

వేదిక మీద నలుగురు చాలు: అధ్యక్షుడు, ఆవిష్కర్త, నవల పరిచయం చేసేవారు, మీరు. అధ్యక్షుడికి ఐదు నిమిషాలు, ఆవిష్కర్తకు ఐదు, పరిచయానికి పన్నెండు, మీ పఠనానికి పది పది చొప్పున రెండు విడతలు, ప్రశ్నలకు పదిహేను. గంటలో అయిపోతుంది. ఆత్మీయ అతిథి, గౌరవ అతిథి, విశిష్ట అతిథి, తొలి ప్రతి స్వీకర్త అని పెంచుకుంటూ పోతే ఎనిమిదిమంది అవుతారు. ఒక్కొక్కరు పది నిమిషాలన్నా ఎనభై నిమిషాలు. అందులో సగం ఇంకెవరి నవల గురించో ఉంటుంది. మీ వంతు వచ్చేసరికి వాచ్‌మన్ లైట్లు ఆర్పుతుంటాడు. పరిచయం చేసేవారికి కాపీ మూడు వారాల ముందు ఇచ్చి, కథ చివరికంటా చెప్పొద్దని మర్యాదగానే అయినా స్పష్టంగా చెప్పండి. చెప్పకపోతే తప్పకుండా చెప్పేస్తారు.

ఏ భాగం చదవాలి? మొదటి అధ్యాయమే అక్కర్లేదు. ఇద్దరు మనుషులు ఒకచోట ఉండి, ఒకరికి కావలసింది రెండోవారు ఇవ్వని దృశ్యం వెతకండి. ప్రకృతి వర్ణన, తాతముత్తాతల చరిత్ర, పాత్ర ఆలోచనలు కళ్లతో చదివేటప్పుడు బాగుంటాయి, చెవికి నిలవవు. మీ ఊరి యాసలో సంభాషణ ఉన్న పేజీలుంటే అవే తీయండి, ఎవరూ మీకంటే బాగా చదవలేరు. మూడు పాత్రలకు మించి మాట్లాడే దృశ్యం వద్దు. తగవు తేలకముందే ఆపేయాలి. తర్వాతేమైందో పుస్తకంలో ఉంటుంది, పుస్తకం బల్ల మీద ఉంటుంది.

చదివేది పుస్తకం చూసి కాదు. ఆ పేజీలను 18 పాయింట్ల అక్షరాల్లో, వరుసల మధ్య ఎడంతో ప్రింటు తీసుకోండి. కాగితానికి ఒకవైపే ఉండాలి, వాక్యం కాగితం చివర విరగకూడదు. తర్వాత చెవి కోసం దిద్దాలి. అచ్చులో ఇలా ఉందనుకోండి:

"రానంటే రాను," అంది సుబ్బులు కుంపటి మీంచి గిన్నె దించుతూ, మొగుడి వైపు చూడకుండా.

కంటికి ఇబ్బంది లేదు, ఉల్లేఖన గుర్తులు కనిపిస్తున్నాయి. వినేవాడికి మాత్రం ఆ మాట ఎవరిదో 'సుబ్బులు' అనే దాకా తెలియదు, తెలిసేసరికి మాట దాటిపోయింది. చదివే కాగితం మీద దీన్ని మార్చండి: 'సుబ్బులు కుంపటి మీంచి గిన్నె దించింది. మొగుడి వైపు చూడలేదు. రానంటే రాను, అంది.' అలాగే 'వెళ్తూ', 'చూసి', 'తీసుకుని' అని మూడు క్రియలు దాటి చివరికెప్పుడో అసలు క్రియ వచ్చే వాక్యాలను రెండుగా విరిచేయండి. అచ్చైన పుస్తకానికి ఇదేమీ ద్రోహం కాదు.

డెమ్మీ పేజీ ఒకటి నిదానంగా చదివితే దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. పది నిమిషాలంటే ఐదు పేజీలు కాదు, నాలుగే. ఇంట్లో ఫోనులో టైమ్ పెట్టుకుని నిలబడి చదవండి. సభలో నవ్వులు, దగ్గులు, మంచినీళ్లు కలిసి ఆ టైము ఐదోవంతు పెరుగుతుంది. మైకు నోటికి నాలుగు వేళ్ల దూరంలో, నేరుగా కాక కాస్త పక్కకు ఉండాలి. ఎదురుగా పెట్టుకుంటే 'భ', 'ఫ', 'ప' దగ్గర బుస్సుమంటుంది. కాలర్ మైకు కంటే స్టాండు మైకే మేలు. పైట, కండువా తగిలినప్పుడల్లా కాలర్ మైకు గరగరలాడుతుంది. నెత్తి మీది ఫ్యానుకి కాగితాలు ఎగరకుండా కింద అట్ట పెట్టుకోండి.

మొదటి ప్రశ్న ఎవరూ అడగరు. ఒకరికి ముందే చెప్పి ఉంచాలి. రెండో ప్రశ్న పేరుతో లేచి సొంత కవిత చదివే పెద్దాయన ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆయనతో తగవు పెట్టుకోనక్కర్లేదు. ప్రేక్షకుల మైకు ఎవరి చేతికీ ఇవ్వకుండా నిర్వాహకులే పట్టుకుని నిలబడితే సరిపోతుంది.

అమ్మకం బల్ల తలుపు దగ్గర ఉండాలి, డబ్బు తీసుకునేది మీరు కాకూడదు. మీరు సంతకం చేస్తూ చిల్లర వెతుకుతుంటే వరుస ఆగిపోతుంది, వెనకవాళ్లు మెల్లగా జారుకుంటారు. సంతకానికి ముందు పేరు ఒక చిత్తుకాగితం మీద రాయించుకోండి. 'శైలజ' అనుకున్నది 'శైలజా దేవి' అవుతుంది, కొట్టివేతతో సంతకం పెట్టిన కాపీ ఇక ఎవరికీ పనికిరాదు. జెల్ పెన్ను అట్ట లోపలి నునుపు మీద అలుక్కుపోతుంది. లోపలి శీర్షిక పేజీ మీద, మామూలు బాల్ పెన్నుతో, తేదీ, ఊరు వేసి ఇవ్వండి.

బుక్ ఫెయిర్‌లో

ఒక్క పుస్తకంతో సొంత స్టాల్ తీసుకోవద్దు. అద్దె తిరిగి రాదు, పైగా ఒకే పుస్తకం ఉన్న స్టాల్‌లోకి జనం అడుగుపెట్టడానికి జంకుతారు, పెడితే కొనాలేమోనని. మూడు దారులున్నాయి. పంపిణీదారు స్టాల్‌లో కాపీలు ఉంచడం ఒకటి. నలుగురైదుగురు కొత్త రచయితలు కలిసి స్టాల్ తీసుకోవడం ఇంకొకటి. రచయితల కోసం విడిగా బల్లలు కేటాయిస్తున్నారేమో నిర్వాహకులను అడగడం మూడోది. పేరున్న పంపిణీదారుతోనే తొలి నవలకు ఎక్కువ లాభం. జనం అక్కడికి ఎలాగూ వస్తారు.

పంపిణీదారుకు ఒకేసారి రెండొందల కాపీలు దించకండి. యాభై ఇచ్చి, ఎన్ని ఇచ్చారో, కమీషన్ ఎంతో, లెక్క ఎప్పుడు చూస్తారో రాసిన రసీదు తీసుకోండి. కమీషన్ 40 నుంచి 50 శాతం దాకా ఉంటుంది. వెల నిర్ణయించక ముందే ఇది తెలుసుకోవాలి. ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది: ఫెయిర్ మొదలైనా మీ కట్ట గోడౌన్‌లోనే ఉండిపోతుంది. ఎవరి తప్పూ కాదు, వేల పుస్తకాల్లో మీదొకటి. ప్రారంభానికి రెండ్రోజుల ముందు ఫోన్ చేయండి, మొదటి రోజు సాయంత్రం వెళ్లి కళ్లారా చూడండి.

చూసేటప్పుడు పుస్తకం ఎలా పెట్టారో గమనించండి. 240 పేజీల పుస్తకం వెన్ను వేలెడు వెడల్పు కూడా ఉండదు. వెన్ను బయటికి కనిపించేలా అరలో నిలబెడితే అది లేనట్టే. అట్ట కనిపించేలా, నడుము ఎత్తులో, బల్ల మీద పడుకోబెట్టాలి. పది కాపీల దొంతర ఒకటి కంటే ఐదేసి చొప్పున రెండు దొంతరలు రెండు చోట్ల ఉంటే మేలు. తిరగేయడానికి ఒక కాపీ విడిగా పెట్టండి. నలిగిన ఆ కాపీని ఆఖరి రోజు సగం ధరకు ఎవరికైనా ఇచ్చేయొచ్చు. ఇదంతా స్టాల్ కుర్రాళ్లను అడిగి, వాళ్లకు ఒక టీ ఇప్పించి చేయించుకోవలసిన పని. పెత్తనం చేస్తే మీరు వెళ్లగానే పుస్తకం కింది అరకు పోతుంది.

మీరు ఎప్పుడుండాలి? శని, ఆదివారాలు సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిదిన్నర దాకా. మామూలు రోజుల్లో మధ్యాహ్నం దుమ్ము తప్ప ఏమీ ఉండదు. విజయవాడలో పుస్తక ప్రియుల పాదయాత్ర జరిగే రోజు తప్పకుండా వెళ్లి నడవండి. ఆ సాయంత్రం ప్రాంగణంలోకి వచ్చేవాళ్లంతా పుస్తకాలు కొనేవాళ్లే. కుర్చీలో బల్ల వెనక కూర్చోవద్దు, బల్లకు పక్కగా నిలబడండి. పుస్తకం చేతిలోకి తీసుకున్న మనిషిని వెంటనే పలకరించకూడదు. వెనక అట్ట చదవనివ్వండి, లోపల ఒక పేజీ తిప్పనివ్వండి. తలెత్తినప్పుడు ఒకే వాక్యం చెప్పండి. 'ఇది గ్రామీణ జీవన సంఘర్షణకు అద్దం పట్టే నవల' అంటే ఆయన మర్యాదగా పుస్తకం కింద పెడతాడు. 'కొల్లేటి లంకలో చేపల చెరువు లీజు కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కితే, సాక్ష్యం చెప్పాల్సింది వాళ్లమ్మ' అంటే 'ఏ లంక?' అని అడుగుతాడు. మనిషి, చోటు, చిక్కు ఈ మూడూ ఉండాలి. 'నేనే రచయితను' అనే మాట చివర చెప్పండి, ముందు చెబితే మొహమాటపెట్టినట్టవుతుంది.

ఫెయిర్‌లో పది శాతం తగ్గింపు అందరూ ఆశిస్తారు. అందుకే వెల పెట్టేటప్పుడే చూసుకోవాలి: 200 అయితే 180, 250 అయితే 225, 300 అయితే 270. 225 అని పెడితే తగ్గింపు పోను 202 రూపాయల 50 పైసలు వస్తుంది, ఇక ప్రతి కాపీ దగ్గరా బేరమే. పది, ఇరవై నోట్లు ఐదొందలకు సరిపడా ఉంచుకోండి. ఆదివారం సాయంత్రం ఆ జనంలో ఫోన్ సిగ్నల్ ఆడదు. యూపీఐ క్యూఆర్ కోడ్ అట్ట మీద అతికించి పెట్టినా, రెండో బ్యాంకుది ఇంకొకటి సిద్ధంగా ఉండాలి. తోటి రచయితలతో కలిసి తీసుకున్న స్టాల్ అయితే ఎవరి కోడ్ వాళ్లు పెట్టొద్దు. ఒకే ఖాతా, ఒక నోటుబుక్కు, రాత్రి మూసే ముందు లెక్క. మరుసటి రోజుకు వాయిదా వేస్తే స్నేహాలు చెడతాయి.

ప్రాంగణంలోని వేదిక మీద కొత్త పుస్తకాలకు అరగంట సమయం దొరకొచ్చు. అడగండి, కానీ అక్కడ చదవడం వేరు. పక్కన మైకులో ప్రకటనలు, పిల్లల ఏడుపులు, మిర్చి బజ్జీల వాసన. పది నిమిషాల భాగం పనికిరాదు. మూడు నిమిషాలు, బాగా గొడవున్న సంభాషణ ఒకటి చదివి, పుస్తకం ఏ నంబరు స్టాల్‌లో ఉందో రెండుసార్లు చెప్పి దిగిపోవాలి.

పోస్టులో పంపడం

సభల తర్వాత పొరుగూళ్ల నుంచి అడిగేవాళ్లుంటారు. పుస్తకాలు తక్కువ ఖర్చుతో పంపడానికి 2025 మేలో తపాలా శాఖ మొదలుపెట్టిన జ్ఞాన్ పోస్ట్‌లో 300 గ్రాముల దాకా 20 రూపాయలు, ఐదు కిలోల దాకా గరిష్ఠంగా 100, పన్ను అదనం. ఈ 300 గ్రాముల గీత దగ్గరే కాగితం ఎంపిక తేలుతుంది. 240 పేజీల డెమ్మీ 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు తూగే) కాగితం మీద అట్టతో కలిపి సుమారు 275 గ్రాములు తూగుతుంది. పలచటి కవరులో పెడితే గీత లోపలే ఉంటుంది. 80 జీఎస్ఎం వాడితే పుస్తకమే 310 దగ్గరికి పోతుంది, అంటే ప్రతి కాపీ పై శ్లాబులోకి వెళ్తుంది. ప్రెస్సుకు ఇచ్చే ముందే ఈ తూకం వేసుకోండి. పుస్తకంలో ముద్రాపకులు లేదా ప్రచురణకర్త పేరు ఉండాలి, వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. నవల చివరి పేజీలో బావమరిది నగల షాపు ప్రకటన వేశారో, కౌంటర్ దగ్గర పేచీ వస్తుంది.

విదేశాల్లో పాఠకులకు

పెట్టెలు పంపే ఆలోచన మానుకోండి, ఖర్చు పుస్తకాన్ని మించుతుంది. వెళ్లేవాళ్ల సూట్‌కేసులో పది కాపీలంటే మూడు కిలోల లోపే. అమెరికా తెలుగు సంఘాల్లో తానా మహాసభలు బేసి సంవత్సరాల్లో, ఆటావి సరి సంవత్సరాల్లో వస్తాయి, అప్పటికి ఎవరో ఒకరు వెళ్తూనే ఉంటారు. డల్లాస్‌లో అక్కడి తెలుగు సంఘం టాంటెక్స్ వారి 'నెల నెలా తెలుగు వెన్నెల' లాంటి నెలవారీ సభలకు జూమ్‌లో చదవొచ్చు. మనకు ఆదివారం ఉదయం ఎనిమిదంటే అక్కడ శనివారం రాత్రి, చలికాలంలో ఎనిమిదిన్నర, ఎండాకాలంలో తొమ్మిదిన్నర. అక్కడ గడియారాలు గంట ముందువెనకలు చేసే మార్చి, నవంబరు వారాల్లో టైము మళ్లీ అడిగి ఖాయం చేసుకోండి.

ఆఖరి రోజు రాత్రి

స్టాల్ విప్పేటప్పుడు అక్కడ ఉండండి. మిగిలిన కాపీలు మీ ముందే లెక్కపెట్టించి, ఎన్ని అమ్మారో, ఎన్ని గోడౌన్‌కు వెళ్తున్నాయో పాత రసీదు వెనకే రాయించుకోండి. ఆ హడావుడిలో ఎవరి పుస్తకాలు ఎవరి పెట్టెలోనో పడటం ఏటా జరిగేదే. దుమ్ము పట్టిన అట్టలను పొడిగుడ్డతో తుడవండి. తడిగుడ్డ తగిలితే లామినేషన్ అంచుల్లో లేస్తుంది. నోటుబుక్కులో ఒక్కో సభకు ఒక్కో వరుస రాయండి: తేదీ, ఊరు, వచ్చినవాళ్లు, అమ్మినవి, ఊరికే ఇచ్చినవి. నాలుగైదు వరుసలయ్యేసరికి ఏ ఊరికి మళ్లీ వెళ్లాలో, ఏ భాగం చదివినప్పుడు బల్ల దగ్గర జనం ఆగారో కనిపిస్తుంది. ఇరవై కాపీలు మాత్రం ఎవరడిగినా ఇవ్వకుండా అటక మీద పెట్టండి. రెండో ముద్రణ వేసేటప్పుడు తప్పులు దిద్దడానికి, అవార్డుల కమిటీలకు పంపడానికి, నాలుగేళ్ల తర్వాత ఎవరో ఫోన్ చేసి 'ఒక్కటైనా ఉందాండీ?' అని అడిగినప్పుడు ఇవ్వడానికి అవే ఉంటాయి.